పాత డాబా ఇంటికి మార్పులు: ఖర్చు లేకుండా ప్లాను గీసుకోవడానికి ఏది మేలు?

సత్యనారాయణపురం డాబా (విజయవాడ)

అందరికీ నమస్కారం అండీ. మాది సత్యనారాయణపురంలో తూర్పు ముఖం డాబా ఇల్లు. నాన్నగారు 1984లో కట్టించారు. స్థలం 110 గజాలు, వెడల్పు 22 అడుగులు, లోతు 45. వంటగది ఇరుకు, దాన్ని కాస్త పెంచాలి. వెనక గదికి ఆనుకుని అమ్మకు బాత్రూమ్ కట్టాలి, మోకాళ్ల నొప్పులతో రాత్రిపూట పెరట్లోకి వెళ్లలేకపోతోంది. హాల్లో గూళ్లకు తలుపులు పెట్టించి అల్మరాలు చేయించాలి.

చిక్కేమిటంటే, మేస్త్రీ “మీరు ఎలా చెబితే అలా చేసేద్దాం సార్” అంటాడు. కార్పెంటరేమో డ్రాయింగ్ ఇస్తేగానీ రేటు చెప్పనంటున్నాడు. మా ఆవిడ ఒకటి ఊహించుకుంటోంది, అమ్మ మనసులో ఇంకోటి ఉంది. నేను చేతులు తిప్పుతూ చెప్పేది ఇద్దరికీ ఎక్కడం లేదు. అందుకని నేనే ఏదో ఒకటి గీసి అందరి ముందూ పెడదామనుకుంటున్నాను.

పాత లాప్‌టాప్ ఉంది, 4 జీబీ ర్యామ్. ఫోన్ ఆండ్రాయిడ్. ఇంజనీర్లు వాడే ఆటోక్యాడ్ మనవల్ల కాదు. నెలనెలా డబ్బు కట్టేవి వద్దు. ఏది వాడమంటారు?

లబ్బీపేట లైన్స్ (విజయవాడ)

స్కెచప్. ఇంకో ఆలోచన వద్దు. ఉచిత వెర్షన్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది, ఇన్‌స్టాల్ చేసే పనే లేదు. గీత గీసి పైకి లాగితే గోడ లేచి నిలబడుతుంది. ఒకప్పుడు గూగుల్ చేతిలో ఉండేది, 2012లో ట్రింబుల్ కొనుక్కుంది. సోఫాలు, మంచాలు, కుళాయిలు ఎవరో ఒకరు చేసి పెట్టినవి బోలెడు దొరుకుతాయి. మా ఫ్లాట్ లోపలి పనంతా అందులోనే గీసుకున్నాను.

కానూరు సివిల్ (విజయవాడ)

లబ్బీపేట గారూ, మీకు చేయి తిరిగింది కాబట్టి అలా అనిపిస్తుంది. కొత్తవాళ్లకు స్కెచప్‌లో గోడ పక్క గోడకు అంటుకుపోతుంది, ఒకటి లాగితే ఇంకోటి కదులుతుంది. పైగా ఆ ఉచిత వెర్షన్‌కి నెట్ ఉండాల్సిందే.

డాబా గారూ, సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత. ముందు టేపు తీయండి. కొలతలు సరిగ్గా లేకపోతే ఏ సాఫ్ట్‌వేర్‌లో గీసినా దండగే. గదులకు 5 మీటర్ల స్టీలు టేపు చాలు, ప్రహరీకీ స్థలానికీ 30 మీటర్ల ఫైబర్ టేపు ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. స్టీలు టేపు కొసన కొక్కెం కొంచెం అటూ ఇటూ ఊగుతుంది. టేపు పాడైందేమోనని దాన్ని సుత్తితో కొట్టి బిగించే మహానుభావులున్నారు, ఆ పని చేయకండి. గోడకు ఆనించి కొలిచినా, బల్ల అంచుకు తగిలించి లాగినా ఒకే కొలత రావాలని కొక్కెం మందమంతా జరిగేలా కావాలనే అలా చేస్తారు.

ప్రతి గదికీ నాలుగు గోడలూ విడివిడిగా కొలవండి. ఎదురెదురు గోడలు సమానమేలే అని వదిలేయొద్దు. తర్వాత మూల నుంచి మూలకు రెండు కర్ణాలూ కొలవండి. అవి తేడా వస్తే గది మూలలు మూలమట్టానికి లేనట్టే. ఏ మూల వంకరో తెలియాలంటే, ఒక గోడ మీద మూడు అడుగుల దగ్గర, రెండో గోడ మీద నాలుగు అడుగుల దగ్గర గుర్తు పెట్టి ఆ రెంటి మధ్య కొలవండి. సరిగ్గా అయిదు అడుగులు వస్తే ఆ మూల మంచిదే.

గోడ మందం గుమ్మం దగ్గర తెలుస్తుంది. తొమ్మిదంగుళాల ఇటుక గోడ రెండు వైపులా ప్లాస్టరింగ్‌తో పదంగుళాల దాకా వస్తుంది. కిటికీలకు మూల నుంచి దూరం, నేల నుంచి ఎత్తు రాసుకోండి. స్లాబు కింద బీములు ఎక్కడున్నాయి, నీళ్ల పైపు ఎటు వస్తోంది, డ్రైనేజీ చాంబర్లు ఎక్కడ, ఇవన్నీ చేత్తో గీసిన కచ్చా బొమ్మ మీదే రాయండి. ఆ కచ్చా కాగితం పనైపోయేదాకా పారేయొద్దు.

బ్రాడీపేట అడ్డరోడ్డు (గుంటూరు)

మాది గుంటూరండీ. నేను కంప్యూటర్ జోలికి పోకుండానే మా వంటగది మార్పించుకున్నాను. గ్రాఫ్ కాగితం మీద ఒక సెంటీమీటరు గడి ఒక అడుగు అనుకున్నాను. ఎనిమిది అడుగులు పది అడుగుల గది కాగితం మీద ఎనిమిది సెంటీమీటర్లు, పది సెంటీమీటర్లు. లెక్క కట్టే పనే లేదు. మీ ఇల్లు మొత్తం గీయాలంటే అర సెంటీమీటరు ఒక అడుగు అనుకోండి, 11 సెంటీమీటర్లు, ఇరవై రెండున్నర సెంటీమీటర్లు వస్తుంది, మామూలు ఏ4 కాగితంలో పడుతుంది.

ఆ తర్వాత పాత శుభలేఖల అట్టలు తీసుకుని ఫ్రిజ్, స్టవ్, సింకు, గ్రైండరు, బియ్యం డ్రమ్ము అన్నీ అదే కొలతకు కత్తిరించి పేర్లు రాశాను. గ్యాస్ సిలిండర్లు రెండు. ఒకటి వాడేది, ఒకటి నిండుది. ఫ్రిజ్ అట్టకు తలుపు తెరుచుకునేంత జాగా కూడా కలిపి కత్తిరించాలి, లేకపోతే గోడ మూలకి పెట్టేసి కూరగాయల డబ్బా బయటికి రాక అవస్థ పడాలి. ఆ ముక్కలు కాగితం మీద జరుపుతూ అత్తగారూ నేనూ కూర్చున్నాం. ఆవిడకి కంప్యూటర్ బొమ్మ చూపిస్తే “బాగుందమ్మా” అని ఊరుకునేవారు. అట్ట ముక్కలు చేతికిచ్చేసరికి “ఇక్కడ స్టవ్ పెడితే కిటికీ గాలికి మంట ఆరిపోతుంది” అని ఆవిడే తీసి పక్కన పెట్టారు.

ఇంకో మాట. ఈ యాప్‌ల వంటింట్లో గిన్నెలు తోముకునే గట్టు ఉండదు, పచ్చడి జాడీలు పెట్టే చోటు ఉండదు. మన గుంటూరు ఇళ్లల్లో ఏడాదికి సరిపడా కారం, పచ్చళ్లు ఎక్కడ పెడతామో గీసినవాడికి తెలియదు కదా. అవన్నీ మనమే కలుపుకోవాలి.

లబ్బీపేట లైన్స్

మేడమ్, పచ్చడి జాడీ స్కెచప్‌లో కూడా గీయొచ్చు 🙂

బ్రాడీపేట అడ్డరోడ్డు

గీయొచ్చు బాబూ. మీరు జాడీ గీసి మూత పెట్టేలోపు నేను వంటగది మొత్తం సర్దేస్తాను.

ఉండవల్లి ఉదయం (తాడేపల్లి)

డాబా గారికి నా సలహా స్వీట్ హోమ్ 3డి. అచ్చంగా ఉచితం, ఓపెన్ సోర్స్. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది, ఒకసారి దింపుకున్నాక నెట్ అక్కర్లేదు. నాదీ 4 జీబీ లాప్‌టాపే. మీ ఇంటి సైజుకు హాయిగా నడుస్తుంది. ఫొటోలాంటి బొమ్మ తీయమంటే మాత్రం ఆలస్యం చేస్తుంది, దాన్ని అలా వదిలేసి కాఫీ తాగి రావాలి.

పైన ప్లాను, కింద అదే ఇల్లు 3డిలో. పైన గోడ గీస్తే కింద అప్పటికప్పుడు లేస్తుంది. మొదటిసారి తెరిచినప్పుడు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి, ఎవరూ చెప్పరు. ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్లి కొలతలు అడుగులు, అంగుళాల్లోకి మార్చండి. గోడ మందం వాళ్లు పెట్టింది మన ఇటుక గోడకు సరిపోదు, మీరు కొలిచిన పదంగుళాలే ఇవ్వండి. గది ఎత్తు కూడా మీదే ఇవ్వండి.

ముఖ్యమైనది ఇంకోటి. అందులో గోడను మధ్య గీత నుంచి గీస్తాం. మీకు లోపల పది అడుగులు కావాలి, రెండు వైపులా పదంగుళాల గోడలు ఉన్నాయి అంటే, ఆ పక్క అయిదంగుళాలు, ఈ పక్క అయిదంగుళాలు కలిపి మధ్య గీతల మధ్య 10 అడుగుల 10 అంగుళాలు గీయాలి. ఇది తెలియకపోతే ప్రతి గదీ దాదాపు అడుగు తక్కువ వచ్చి, చివరికి ఇల్లు స్థలంలో ఎలా పట్టిందో అర్థం కాక జుట్టు పీక్కోవాలి.

నాన్నగారి నాటి నీలిరంగు ప్లాను కాగితం బీరువాలో ఎక్కడైనా ఉంటే వెతకండి. దాన్ని బల్ల మీద పరిచి, ఫోన్ నిటారుగా పైన పట్టుకుని ఫొటో తీసి, అందులో వెనక బొమ్మగా పెట్టుకోవచ్చు. తెలిసిన గోడ ఒకదాని పొడవు ఇస్తే మిగతా స్కేలు అదే సరిచూసుకుంటుంది. దాని మీద గోడలు గీసుకుంటూ పోవడమే. కాగితం మడతల దగ్గర కొలత కొంచెం తప్పుతుంది, టేపు కొలతే ఖాయం చేసుకోండి.

గుణదల గాలి (విజయవాడ)

ఇంత శ్రమ ఎందుకండీ? మ్యాజిక్‌ప్లాన్ లాంటివి ఉన్నాయిగా. ఫోన్ పట్టుకుని గది మూలలు చూపిస్తే ప్లాను అదే గీసేస్తుంది.

కానూరు సివిల్

ఖాళీ గదిలో బాగానే గీస్తుంది. మన ఇళ్లల్లో మూలన బీరువా, దాని మీద సూట్‌కేసులు, పక్కన మడత మంచం. నేల, గోడ కలిసే మూల దానికి కనిపించదు. లైడార్ సెన్సర్ (లేజర్ కాంతితో దూరం కొలిచేది) ఉన్న ఫోన్లలో నయం, ఐఫోన్ ప్రో మోడళ్లలో 12 ప్రో నుంచి అది ఉంది. డాబా గారిది ఆండ్రాయిడ్ కదా, కెమెరాతోనే నెట్టుకురావాలి. నాలుగైదు అంగుళాల తేడా వస్తే హాల్లో సోఫాకి ఏమీ కాదు, కార్పెంటరు కోసిన అల్మరా తలుపుకు కొంప మునుగుతుంది. అంచనాకి యాప్, పనికి టేపు.

టేపు పట్టుకోవడానికి రెండో మనిషి లేకపోతే లేజర్ మీటరు కొనుక్కోండి. గోడకు ఆనించి బటన్ నొక్కితే ఎదుటి గోడ దాకా దూరం చెప్పేస్తుంది. చేతిలో ఇమిడిపోయే చిన్న మోడళ్లు కూడా ఇంటి గదులకు ఎక్కువే. ఎండలో ఆ ఎర్ర చుక్క కనిపించదు, పెరటి కొలతలు సాయంత్రం తీసుకోండి.

నల్లపాడు నరుడు (గుంటూరు)

యాప్ పేరు చెప్పను గానీ, ఒకదాంట్లో వారం ఉచితం అంటే పెట్టాను. సోఫా పెడదామంటే తాళం బొమ్మ, కిటికీ పెడదామంటే తాళం బొమ్మ. విసుగొచ్చి ఫోన్లోంచి తీసేశాను. తీసేస్తే సరిపోతుందా? వారం కాగానే ఏడాది చందా ఖాతాలోంచి పోయింది. యూపీఐ వాడేవాళ్లు మీ పేమెంట్ యాప్‌లో ఆటోపే అని ఉంటుంది, అక్కడికి వెళ్లి రద్దు చేస్తేనే ఆగుతుంది. ప్లే స్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్ల పేజీ కూడా చూసుకోండి. “ఉచితం” అన్న చోట కార్డు నంబరు అడిగితే అక్కడే ఆగండి.

ఉండవల్లి ఉదయం

ప్లానర్ 5డి, ఫ్లోర్‌ప్లానర్ లాంటివాటికీ ఉచిత ఖాతా ఉంది. చూడటానికి ముచ్చటగా ఉంటాయి, నేర్చుకోవడం స్వీట్ హోమ్ కన్నా తేలిక. కానీ సామాను జాబితాలో సగం డబ్బు కట్టినవాళ్లకే, నాణ్యమైన బొమ్మ కావాలన్నా అంతే. గోడకు ఏ రంగు వేద్దాం అని ఇంట్లో పంచాయితీ పెట్టుకోవడానికి బాగుంటాయి. గది ఫొటో ఇస్తే ఏఐతో అలంకరించి ఇచ్చేవి ఈమధ్య వచ్చాయి కదా, వాటిని అసలు లెక్కలోకి తీసుకోవద్దు. మీ గది కిటికీని అడుగు అవతలికి జరిపేసి అందంగా చూపిస్తాయి.

సత్యనారాయణపురం డాబా

ఇన్ని విషయాలు వస్తాయనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. కొలతలు తీశాను. వంటగది వీధి వైపు గోడ 8 అడుగుల 5 అంగుళాలు, దాని ఎదురు గోడ 8 అడుగుల 2 అంగుళాలు. కర్ణాలు నాలుగు అంగుళాలు తేడా. ఇన్నేళ్లూ చదరంగా ఉందనే అనుకున్నాం. దీన్ని ఉన్నది ఉన్నట్టు వంకరగా గీయాలా, సర్ది గీయాలా?

ఇంకోటి, వంటగదికీ భోజనాల గదికీ మధ్య గోడ తీసేసి చూశాను స్వీట్ హోమ్‌లో. ఒక్క నొక్కు నొక్కితే పోయింది. ఎంత విశాలంగా ఉందో! మా ఆవిడ అదే ఖాయం అంటోంది.

కానూరు సివిల్

వంకర వంకరగానే గీయండి. టైల్స్ వేసేటప్పుడు ఆ మూడంగుళాల తేడా ఏదో ఒక గోడ పక్కన ముక్క టైలుగా బయటపడుతుంది. అది గుమ్మం ఎదురుగా రాకుండా స్టవ్ గట్టు కిందకి వెళ్లేలా మేస్త్రీకి ముందే చెప్పుకోవచ్చు. కార్పెంటరుకు మాత్రం మీ డ్రాయింగ్ రేటు చెప్పడానికే. ప్లాస్టరింగ్, టైల్స్ అయ్యాక అతనే వచ్చి మళ్లీ కొలుచుకుని చెక్క కోయాలి. ఈ మాట ముందే గట్టిగా చెప్పండి.

గోడ సంగతి. కంప్యూటర్‌లో గోడకు బరువు ఉండదు. 1984 నాటి ఒక అంతస్తు డాబాలు చాలావాటిలో పిల్లర్లే ఉండవు, స్లాబు నేరుగా తొమ్మిదంగుళాల గోడల మీద కూర్చుని ఉంటుంది. మీరు తీసేద్దామంటున్నది అలాంటి గోడే అయితే స్లాబుకు ఆసరా పోయినట్టే. నాలుగున్నర అంగుళాల అడ్డుగోడ అయితే సాధారణంగా బరువు మోయదు, అయినా తట్టి చూసి తేల్చే విషయం కాదు. పైన పారాపెట్, నీళ్ల ట్యాంకు ఎక్కడున్నాయి, స్లాబు ఊచలు ఎటు నుంచి ఎటు పరిచారు అన్నవి చూసి స్ట్రక్చరల్ ఇంజనీరు చెప్పాలి. ఆయన ఒకసారి వచ్చి చూసిపోవడానికి తీసుకునేది మీ టైల్స్ బిల్లులో ఓ మూలకి రాదు. గోడ మొత్తం తీయకుండా మధ్యలో నాలుగైదు అడుగుల దారి తెరిచి పైన బీము వేయించుకోవడం ఇంకో పద్ధతి. స్వీట్ హోమ్‌లో అది కూడా పెట్టి చూపించండి, ఇంటావిడకి నచ్చొచ్చు.

ముగ్గుపిండి (గుంటూరు)

నేను తాపీ మేస్త్రీని. నేను చెబుతుంటే మా అబ్బాయి టైపు చేస్తున్నాడు. మాకు ఫోన్లో రంగు బొమ్మలు పంపిస్తారండీ, బాగుంటాయి. కొలత ఎక్కడుంది సార్ అంటే, అందులోనే ఉంటుంది చూడు అంటారు. బొమ్మలో సోఫా మీద కుక్కపిల్ల ఉంటుంది, కొలత ఉండదు.

మాకు కావాల్సింది ఒక కాగితం. గోడ నుంచి గోడకు లోపలి కొలత. అది ప్లాస్టరింగ్ ముందా, తర్వాతా రాయాలి. అడుగులు, అంగుళాలు రాయండి. 8.5 అడుగులు అని రాస్తే మా కుర్రాళ్లు కొందరు ఎనిమిది అడుగుల అయిదంగుళాలు అనుకుంటారు. అది ఎనిమిది అడుగుల ఆరంగుళాలు. అంగుళం పోతే ద్వారబంధం పట్టదు. గుమ్మం ఎటు తెరుచుకుంటుందో వంపు గీత గీయండి. ఉన్న గోడ ఒక రంగు, కొత్త గోడ ఒక రంగు, పగలగొట్టేది ఎర్ర రంగు. అంతే.

ఇంకా అనుమానం ఉంటే నేల మీద ముగ్గు పోసుకోండి. పునాదికి మేం పోసేది అదే కదా. డాబా ఎక్కి సుద్దముక్కతో బాత్రూమ్ అసలు కొలతకే గీసి, అమ్మగారిని కుర్చీ వేసి అందులో కూర్చోబెట్టండి. బకెట్ ఎక్కడ, చెయ్యి ఎక్కడ ఆనుతుంది, ఆవిడే చెప్పేస్తారు.

బ్రాడీపేట అడ్డరోడ్డు

మేస్త్రీ గారూ, మాట బాగుంది గానీ మోకాళ్ల నొప్పులావిడని డాబా ఎక్కిస్తారా! హాల్లోనే గీయండి, తర్వాత తడిగుడ్డ పెట్టి తుడిచేయొచ్చు.

ముగ్గుపిండి

అవునమ్మా, అది తోచలేదు. హాల్లోనే గీయండి.

వాయవ్యం వారు (విజయవాడ)

ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనే చెబుతున్నాను. తూర్పు ముఖం ఇల్లు, వెనక గది అంటే పడమర. అమ్మగారి గది నైరుతి అయితే అక్కడ బాత్రూమ్ పెట్టొద్దు, వాయవ్యం వైపు జరపండి. వంటగది ఆగ్నేయం దాటనివ్వొద్దు. దిక్కులు ఫోన్ దిక్సూచితో చూసేవాళ్లు బీరువా పక్కనా, పిల్లరు పక్కనా నిలబడి చూడకండి, ఇనుముకు అది తప్పు చూపిస్తుంది. ఇంటి బయట వీధిలో నిలబడి చూసి, మ్యాపుల్లో ఉపగ్రహ చిత్రంతో పోల్చుకోండి.

లబ్బీపేట లైన్స్

వచ్చేసిందండీ వాస్తు. ఇంక పదిహేను పేజీలు నడుస్తుంది ఈ చర్చ.

కానూరు సివిల్

లేదులెండి, ఈసారి వాస్తూ డ్రైనేజీ ఒకే మాట చెబుతున్నట్టున్నాయి. పెరట్లో పాత బాత్రూమ్ వాయవ్యంలోనే ఉంటే చాంబరు కూడా అక్కడే ఉంటుంది. కొత్తదాన్ని దాని దగ్గరగా పెడితే పైపు ఖర్చు తగ్గుతుంది.

డాబా గారూ, ఇది ఏ యాప్‌లోనూ కనిపించదు కాబట్టి చేత్తో లెక్క వేసుకోండి. నాలుగంగుళాల మురుగు పైపుకు నలభై అడుగులకు ఒక అడుగు చొప్పున వాలు ఇస్తాం. పెరటి చివర నుంచి వీధి చాంబరు దాకా 45 అడుగులైతే పైపు పదమూడున్నర అంగుళాలు కిందికి దిగాలి. మన ఊళ్లో పాత వీధులన్నీ రోడ్డు మీద రోడ్డు వేసి ఇళ్ల గుమ్మాల దాకా లేచాయి కదా. మీ వీధి చాంబరులో పైపు అడుగు ఎంత లోతులో ఉందో మూత తీసి కొలవండి. ఆ లోతు చాలకపోతే కొత్త బాత్రూమ్ నేల ఎత్తు పెంచాల్సి వస్తుంది, అప్పుడు అమ్మగారికి గుమ్మంలో మెట్టు వస్తుంది. మోకాళ్ల కోసం కట్టే బాత్రూమ్‌కి మెట్టు పెడితే ఏం లాభం? ముందు ఆ మూత తీయండి.

ఆర్కి విద్యార్థి (విజయవాడ)

నేను ఇక్కడ ప్లానింగ్ స్కూల్లో చదువుతున్నాను. మెట్టు గురించి సివిల్ గారు చెప్పినది చాలా అవసరం. స్నానం, టాయిలెట్ కలిపి ఉన్న గదికి జాతీయ బిల్డింగ్ కోడ్ కనీసం 2.8 చదరపు మీటర్లు, వెడల్పు 1.2 మీటర్లు అంటుంది. అంటే నాలుగు అడుగుల వెడల్పు, ముప్ఫై చదరపు అడుగులు. అది కనీసం మాత్రమే. పెద్దవాళ్లకైతే అయిదు అడుగులు, ఏడు అడుగులు ఉంటే పక్కన ఇంకో మనిషి నిలబడి పట్టుకోవచ్చు. రేపు చక్రాల కుర్చీ వచ్చే పనైతే అది తిరగడానికి అయిదు అడుగుల వలయం కావాలి, తలుపు దాటేందుకు మూడు అడుగులు ఖాళీగా ఉండాలి. స్వీట్ హోమ్‌లో అయిదు అడుగుల గుండ్రటి బల్ల ఒకటి తెచ్చి ఆ గదిలో పెట్టి చూడండి, పడితే కుర్చీ తిరుగుతుంది.

తలుపు లోపలికి తెరుచుకునేలా పెట్టొద్దండీ. లోపల జారి పడితే మనిషే తలుపుకు అడ్డం అవుతారు, బయటి నుంచి తీయలేం. బయటికి తెరిచేది గానీ, పక్కకి జరిపేది గానీ పెట్టండి.

ఇంకో ఉపయోగం చెబుతాను. స్వీట్ హోమ్‌లో దిక్సూచి బొమ్మ మీద రెండుసార్లు నొక్కి ఊరు, ఉత్తరం దిశ ఇవ్వొచ్చు. విజయవాడ అక్షాంశం సుమారు 16.5, రేఖాంశం 80.6. తర్వాత ఫొటో తీసేటప్పుడు మే నెల, సాయంత్రం నాలుగు గంటలు అని పెట్టి, నాణ్యత ఎక్కువ మీద ఉంచండి. కిటికీలోంచి ఎండ నేల మీద ఎక్కడి దాకా పడుతుందో చూపిస్తుంది. పడమటి గది కాబట్టి అమ్మగారి మంచం తల ఎటు పెట్టాలో, కిటికీకి సన్‌షేడ్ ఎంత పెంచాలో తెలుస్తుంది. మన మే నెలలో ఈ ఒక్క బొమ్మ కోసమైనా ఆ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవచ్చు.

సింగ్‌నగర్ మెట్టు (విజయవాడ)

అందరూ నేల ప్లాను గురించే మాట్లాడుతున్నారు. గోడ ప్లాను కూడా గీయండి, అంటే గోడ ముందు నిలబడి చూస్తే ఎలా ఉంటుందో అది. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు మా వీధిలోకి వచ్చాక ఈ బుద్ధి వచ్చింది. ప్లగ్ పాయింట్లు నేలకు జానెడు ఎత్తులో ఉండేవి, అన్నీ పోయాయి. మళ్లీ కట్టించుకున్నప్పుడు ప్రతి గోడకూ ఒక గ్రాఫ్ కాగితం పెట్టి, ప్లగ్గులు, ఇన్వర్టరు, మీటరు బోర్డు నడుం ఎత్తు దాటాకే గీశాం. వంటింట్లో కింది అరలకు ప్లైవుడ్ మానేసి కడప బండలు వేయించాం. తలుపులు తడిసి పోయినా బండలు ఉంటాయి. సత్యనారాయణపురానికి ఆ నీళ్లు రాకపోయినా, గోడ బొమ్మ ఉంటే ఎలక్ట్రీషియన్ గోడ చెక్కే ముందే అన్నీ తేలిపోతాయి. లేకపోతే మంచం తల వెనక స్విచ్చి, బీరువా వెనక ప్లగ్గు.

ఉండవల్లి ఉదయం

ఇది నిజం. స్వీట్ హోమ్‌లో గోడ బొమ్మ నేరుగా రాదు. దానికి గ్రాఫ్ కాగితమైనా, లిబ్రే ఆఫీస్ డ్రా అయినా సరిపోతుంది. డ్రాలో స్కేలు పెట్టుకునే సదుపాయం ఉంది, అదీ ఉచితమే. అల్మరా తలుపులు, అరల ఎత్తులు కార్పెంటరుకు అలాగే ఇవ్వండి.

సత్యనారాయణపురం డాబా

అందరి మాటా విన్నాక ఒక దారి కనపడింది. చాంబరు మూత తీశాం, లోతు సరిపోతుందని మేస్త్రీ అన్నాడు. హాల్లో సుద్దముక్కతో గీసి అమ్మను కూర్చోబెడితే “కమోడు ఈ గోడకి పెట్టండ్రా, ఇటు చెయ్యి వేసుకుని లేస్తాను” అంది. మేం అనుకున్న వైపు కాదు. ఇంటి మొత్తం ప్లాను స్వీట్ హోమ్‌లో, వంటగది అట్ట ముక్కలతో, గోడలు గ్రాఫ్ మీద. ఇంజనీరు ఆదివారం వస్తానన్నారు.

ఇప్పుడు రెండు అనుమానాలు. దీనికి కార్పొరేషన్ అనుమతి కావాలా? ప్రింటు ఎలా తీయాలి? ఏలూరు రోడ్డులో జిరాక్స్ షాపులో తీయిస్తే స్కేలు పెట్టి కొలిచినప్పుడు ఏదీ సరిపోలేదు.

కానూరు సివిల్

లోపల గూళ్లకు తలుపులు పెట్టుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. పెరటి ఖాళీలోకి కొత్త గది కడుతున్నారు కాబట్టి అది సెట్‌బ్యాక్ (హద్దు నుంచి వదలాల్సిన ఖాళీ) వ్యవహారం, కనుక్కుని చేయండి. దరఖాస్తు ఆన్‌లైన్‌లో లైసెన్సు ఉన్న టెక్నికల్ పర్సన్ ద్వారా వెళ్తుంది, ఆయన క్యాడ్‌లో గీసి పెడతాడు. మీ బొమ్మ అక్కడ చెల్లదు గానీ, ఆయన ముందు పెడితే అరగంట మాటలు మిగులుతాయి.

ప్రింటుకి ముందు పీడీఎఫ్ చేయండి. వాట్సాప్‌లో ఫొటోలా పంపితే నలిగిపోతుంది, పీడీఎఫ్‌ను డాక్యుమెంటుగా పంపండి. స్వీట్ హోమ్‌లో పేజ్ సెటప్‌లోకి వెళ్లి స్కేలు 1:50 పెట్టండి, మీటరు రెండు సెంటీమీటర్లు అవుతుంది. మీ 45 అడుగులు కాగితం మీద ఇరవై ఏడున్నర సెంటీమీటర్ల దాకా వస్తాయి. ఏ4లో ఇల్లు పడుతుంది, కొలతలు రాసే చోటు ఉండదు. ఏ3 తీయించండి. షాపులో కుర్రాడు ప్రింటు కొట్టేటప్పుడు “ఫిట్ టు పేజ్” తీసేసి 100 శాతం పెట్టమని పక్కనే నిలబడి చెప్పండి. మీకు తేడా వచ్చింది అక్కడే. కాగితం మీద ఒక మూల సరిగ్గా పది సెంటీమీటర్ల గీత గీసి ఉంచితే, ప్రింటు చేతికి రాగానే స్కేలు పెట్టి చూసుకోవచ్చు.

ముగ్గుపిండి

మేస్త్రీకి ఒక కాపీ, కార్పెంటరుకు ఒకటి, ప్లంబరుకు ఒకటి, ఎలక్ట్రీషియన్‌కి ఒకటి ఇవ్వండి సార్. పైన తేదీ వేయండి. మధ్యలో ఏదైనా మారిస్తే పాతవన్నీ వెనక్కి తీసుకుని చింపేయండి. నలుగురి దగ్గర నాలుగు రకాల కాగితాలు ఉంటే గొడవలు మాకు, ఖర్చు మీకు.

సత్యనారాయణపురం డాబా

అలాగే మేస్త్రీ గారూ. వంటగది నేలకి మ్యాట్ టైల్స్ మంచివా, మామూలువి చాలా? ఎన్ని అదనంగా తీసుకోవాలి?

నిర్వాహకులు

టైల్స్ ప్రశ్న “గచ్చు, టైల్స్, రంగులు” విభాగంలో కొత్త చర్చగా పెట్టండి డాబా గారూ. ఇంజనీరు వచ్చి చూశాక గోడ గురించి ఏమన్నారో మాత్రం ఇక్కడే రాయండి.